పేరు మార్చుకునే మోసం, పేరును పట్టుకునే చట్టం

కలకత్తాలో 1975లో రూ.7,000 మూలధనంతో ఒక భాగస్వామ్య సంస్థ మొదలైంది. దాని పేరు సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్. ఖాతా పుస్తకాల్లో 12 శాతం వడ్డీ అని రాసుకున్నా, డిపాజిటుదారు చేతికి ఏడాదికి 48 శాతం దాకా అందేది. తేడా సొమ్ము లెక్కల్లోకి ఎక్కకుండా నగదుగా ముట్టేది. కొద్ది ఏళ్లలోనే కోట్ల రూపాయలు వచ్చిపడ్డాయి. ఏ వ్యాపారం చేసినా ఇంత వడ్డీ కట్టడం సాధ్యం కాదని తెలిసిన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1980 చివర్లో కేసు పెట్టింది. అప్పటికి రెండేళ్ల కిందటే కేంద్రం ప్రైజ్ చిట్లు, డబ్బు చలామణీ పథకాల నిషేధ చట్టం తెచ్చింది కాబట్టి ఆ చట్టం కిందే దర్యాప్తు మొదలుపెట్టింది. కానీ 1982 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కొత్త సభ్యులను చేర్చుకోవడంతో ముడిపడిన రాబడి ఉంటేనే అది చట్టం చెప్పిన డబ్బు చలామణీ పథకం అవుతుందనీ, ఇక్కడ అలాంటి ముడి కనిపించడం లేదనీ, 48 శాతం వడ్డీ ఇవ్వడం ఒక్కటే ఆ చట్టం కింద నేరం కాదనీ ధర్మాసనం తేల్చింది. తీర్పులో తర్కానికి లోటు లేదు, లోటంతా చట్టం రాసిన తీరులోనే ఉంది.

క్రిప్టో కరెన్సీ మీద ప్రభుత్వాలు ఏం చేయాలన్న చర్చ నేడు నడుస్తుంటే చాలామంది దాన్ని పూర్తిగా కొత్త సమస్యగా, సాంకేతిక నిపుణులు తప్ప ఎవరూ అర్థం చేసుకోలేని విషయంగా చూస్తున్నారు. సాంకేతికత కొత్తదే, నిజమే. జనం డబ్బు పోయిన తీరు మాత్రం పాతదే. గత అరవై ఏళ్లలో మన దేశంలో డిపాజిట్ల పేరిట జరిగిన మోసాలను, వాటి వెనకే వచ్చిన చట్టాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతిసారీ చట్టం అప్పటికే బయటపడిన పథకం రూపాన్ని వర్ణించి, ఆ రూపాన్ని నిషేధించింది. తర్వాత వచ్చినవాడు రూపం మార్చాడు. జనం డబ్బు ఒకచోట పోగుచేసి, దాన్ని తన అదుపులో ఉంచుకుని, నిర్దిష్టమైన రాబడి ఇస్తానని మాటిచ్చే పని మాత్రం మారలేదు. ఆ పనిని పట్టుకున్న చట్టాలు నిలబడ్డాయి, పేరును పట్టుకున్నవి ఓడిపోయాయి. క్రిప్టో విషయంలో మనం ఇప్పటిదాకా చేసింది రెండో పనే.

ముందుగా మనకు బాగా తెలిసిన చీటీల సంగతి చూద్దాం. ఇరవై మంది చేరి నెలకు రూ.5,000 చొప్పున ఇరవై నెలలు కట్టే లక్ష రూపాయల చీటీ అనుకుందాం. మొదటి నెల పాటలో డబ్బు అవసరమైన ఒకాయన రూ.25,000 తగ్గించి పాడుకుంటే ఆయనకు రూ.75,000 వస్తుంది. తగ్గిన పాతిక వేలలో నిర్వాహకుడి కమీషన్ రూ.5,000 పోగా మిగిలిన రూ.20,000ను సభ్యులందరికీ తలా వెయ్యి పంచుతారు. రాబడి ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ అందరి కళ్లకూ కనిపిస్తుంది. అవసరం ఉన్నవాడు వదులుకున్నదే ఆగినవాడికి అందుతుంది. ప్రమాదం రెండుచోట్ల ఉంది. పాడుకున్నవాడు మిగతా వాయిదాలు ఎగ్గొట్టవచ్చు, లేదా నిర్వాహకుడు సొమ్ముతో ఉడాయించవచ్చు. మద్రాసు రాష్ట్రం 1961లో, ఆంధ్రప్రదేశ్ 1971లో, కేంద్రం 1982లో చేసిన చిట్‌ఫండ్ చట్టాలు సరిగ్గా ఈ రెండు చోట్లే కాపలా పెట్టాయి. కేంద్ర చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు. ఒప్పందాన్ని రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి. పాట జరిగినప్పుడు కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి, మినిట్స్ రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నిర్వాహకుడు చీటీ మొత్తానికి సమానమైన సొమ్మును ముందే హామీగా కట్టాలి. చీటీ అనే ఆచారాన్ని ఈ చట్టం నిషేధించలేదు, నిర్వాహకుడి చేతిలోకి వెళ్లే డబ్బుకు తాళం వేసింది. రిజిస్టర్ కాని చీటీలు నేటికీ వీధి వీధినా నడుస్తున్నాయి, వాటిలో మునిగినవారూ ఉన్నారు. అయినా రిజిస్టరైన చీటీలో ఉన్నవాడికి అడగడానికి ఒక ఆఫీసు, పట్టుకోవడానికి ఒక హామీ ఉన్నాయి.

ప్రైజ్ చిట్లు పేరులో మాత్రమే చీటీలు. వందల మంది నెలనెలా కడతారు, ప్రతి నెలా లాటరీ తీస్తారు, పేరు వచ్చినవాడికి మొత్తం ఇచ్చేసి మిగతా వాయిదాలు రద్దు చేస్తారు. పేరు రానివాళ్లు ఏళ్ల తరబడి కట్టి చివరకు తమ అసలు తాము తీసుకుంటారు. ఆ మధ్యకాలంలో పోగైన డబ్బు మీద వచ్చే లాభమంతా నిర్వాహకుడిదే. రిజర్వు బ్యాంకు 1974లో జేమ్స్ రాజ్ నాయకత్వంలో వేసిన అధ్యయన బృందం ఈ పద్ధతిని పరిశీలించి, దీనివల్ల నిర్వాహకులకే తప్ప సమాజానికి ప్రయోజనం లేదని, పూర్తిగా నిషేధించాలని సిఫార్సు చేసింది. దాన్నిబట్టే 1978 చట్టం వచ్చింది. బృందం చూసింది ప్రైజ్ చిట్లను, గొలుసుకట్టు పథకాలను. చట్టంలోకి ఎక్కిన నిర్వచనాలూ వాటివే. సంచయిత లాంటి సంస్థ ఆ నిర్వచనంలో పట్టలేదు. దాని తర్వాత కలకత్తాకే చెందిన పీర్‌లెస్ అనే కంపెనీ వంతు వచ్చింది. 1987లో తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు, పీర్‌లెస్ పథకం 1978 చట్టం చెప్పిన ప్రైజ్ చిట్ కిందికి రాదని తేల్చింది. అదే తీర్పు ఇలాంటి పథకాల్లో వాయిదాలు కట్టలేక మధ్యలో ఆగిపోయిన పేదలు ఎలా నష్టపోతారో వివరించి, ప్రభుత్వం దృష్టి పెట్టాలని కోరింది. ఆ వెంటనే రిజర్వు బ్యాంకు అలాంటి కంపెనీల కోసం ప్రత్యేక ఆదేశాలు జారీ చేయాల్సి వచ్చింది. అంతకుముందే 1984లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, కంపెనీ కాని భాగస్వామ్య సంస్థలు 250 మందికి మించి డిపాజిట్లు తీసుకోకూడదని కట్టడి చేశారు. 1997లో ఆ వెసులుబాటునూ తీసేశారు. పాత మోసం వల్ల తేలిన రంధ్రాన్ని ప్రతిసారీ పూడ్చారు, పక్కనే కొత్తది తెరుచుకుంది.

తొంభైల్లో తెరుచుకున్న రంధ్రం టేకు తోటలది. డిపాజిట్ అంటే రిజర్వు బ్యాంకు వస్తుంది, షేరు అంటే సెబీ వస్తుంది, మరి మొక్క అంటే ఎవరొస్తారు? మొక్కకు ఇంత కట్టండి, ఇరవై ఏళ్లకు లక్షలు వస్తాయని పత్రికల నిండా ప్రకటనలు వచ్చాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, చెన్నై అనుభవ్ ప్లాంటేషన్స్ మొదలుకుని వందల కంపెనీలు జనం డబ్బు పోగుచేశాయి. అనుభవ్ 1998లో కూలాక, మరుసటి ఏడాది సెబీ సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. సెబీ చట్టంలో చేర్చిన నిర్వచనం అంతవరకూ వచ్చిన వాటికంటే మేలైనది. నలుగురి డబ్బు ఒకచోట చేరడం, లాభం వస్తుందన్న ఆశతో కట్టడం, ఆ సొమ్మును మరొకరు నడపడం, కట్టినవాడికి రోజువారీ అదుపు లేకపోవడం అనే నాలుగు లక్షణాలుంటే అది సామూహిక పెట్టుబడి పథకమే, అమ్మింది మొక్కయినా మేకయినా అదే. ఈ ఆలోచన అమెరికాలో 1946 నాటికే ఉంది. ఫ్లోరిడాలో హోవీ అనే కంపెనీ నారింజ తోటలను ముక్కలు చేసి, సాగు కూడా తామే చేసిపెడతామన్న ఒప్పందంతో దూరప్రాంతాల నుంచి వచ్చినవారికి అమ్మింది. అమ్మింది భూమి కదా అని కంపెనీ వాదించింది. కొన్నవాడు సాగు చేయడానికి కొనలేదు, ఇంకొకరి కష్టంతో లాభం వస్తుందని కొన్నాడు, కాబట్టి ఇది పెట్టుబడి ఒప్పందమేనని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. క్రిప్టో నాణేలను అమ్మినవారి మీద అమెరికా నియంత్రణ సంస్థ ప్రయోగించింది డెబ్బై ఏళ్ల నాటి ఈ నారింజ తోట తీర్పునే.

మన నిర్వచనం మంచిదే అయినా, దాని పక్కనే మినహాయింపుల జాబితా ఉంది. సహకార సంఘాలు, నిధులు, చిట్‌ఫండ్లు వంటివన్నీ దాని పరిధిలోకి రావు. అమలు సంగతి ఇంకా దారుణం. ఆరువందలకు పైగా సంస్థలు ఆ నిబంధనల కిందికి వస్తాయని సెబీ లెక్క తేల్చినా, ఏళ్లు గడిచినా నిబంధనల ప్రకారం నమోదై వ్యాపారం చేసిన సంస్థ ఒక్కటి మించి కనిపించలేదు. భూములు అమ్ముతున్నామని చెప్పుకున్న పీఏసీఎల్ అనే కంపెనీ సెబీతో కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడింది. 2014లో సెబీ తుది ఉత్తర్వు ఇచ్చేనాటికి 5.85 కోట్ల మంది నుంచి రూ.49,100 కోట్లు పోగుపడింది. నియంత్రణ సంస్థ ఒక విషయాన్ని పదిహేనేళ్లు విచారిస్తుంటే ఏజెంటు మాత్రం ఒక్కరోజూ ఆగడు.

తెలుగు నేల మీద ఈ కథకు పేరు అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఈ గ్రూపు పొలాల పేరిట, ప్లాట్ల పేరిట నెలవారీ వాయిదాలు తీసుకుంది. గడువు తీరాక ప్లాటు తీసుకోవచ్చు, లేదంటే లాభంతో కలిపి డబ్బు తీసుకోవచ్చు అన్నది ఒప్పందం. 130కి పైగా అనుబంధ కంపెనీల ద్వారా, వేలాది ఏజెంట్ల ద్వారా, తెలుగు రాష్ట్రాలతో పాటు కర్ణాటక, ఒడిశా, తమిళనాడు వంటి చోట్ల సుమారు 32 లక్షల మంది నుంచి రూ.6,380 కోట్ల దాకా సేకరించిందని దర్యాప్తు సంస్థలు లెక్కగట్టాయి. ఇచ్చిన చెక్కులు చెల్లక 2014లో గుట్టు బయటపడింది. 2016లో సీఐడీ యాజమాన్యాన్ని అరెస్టు చేసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన డిపాజిటుదారుల రక్షణ చట్టం ఆస్తులు జప్తు చేయడానికి పనికొచ్చింది, డబ్బు పోగవుతున్నప్పుడు ఆపడానికి మాత్రం కాదు. జప్తు ఉత్తర్వులు, వేలం ప్రయత్నాలు, అప్పీళ్లతో ఏళ్లు గడిచాయి. చిన్న డిపాజిటుదారులకు చివరకు రాష్ట్ర ఖజానా నుంచే చెల్లించాల్సి వచ్చింది. 2019, 2021ల్లో రెండు విడతలుగా పది లక్షలకు పైగా కుటుంబాలకు, రూ.20,000లోపు కట్టినవారికి, రూ.900 కోట్లకు పైగా ఇచ్చారు. ఈడీ జప్తు చేసిన సుమారు రూ.3,300 కోట్ల ఆస్తులు బాధితుల కోసం తిరిగి అప్పగించే దశకు వచ్చేసరికి 2025 వచ్చింది. చట్టంలో ఉన్న సందుకు మూల్యం ముందు కూలీలు, చిరు వ్యాపారులు చెల్లించారు, తర్వాత పన్ను కట్టే ప్రతివాడూ చెల్లించాడు.

ఈ అనుభవాలన్నీ కలిసి 2019లో ఒక మంచి మార్పు తెచ్చాయి. ఫిబ్రవరిలో ఆర్డినెన్సుగా, జూలైలో చట్టంగా వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం పాత తర్కాన్ని తలకిందులు చేసింది. ఏయే పథకాలు నిషిద్ధమో వర్ణించడం మానేసి, ఏయే పథకాలకు అనుమతి ఉందో, వాటిని ఏ నియంత్రణ సంస్థ చూస్తుందో షెడ్యూలులో రాసింది. ఆ జాబితాలో లేని డిపాజిట్ పథకం ఏదైనా సరే, పేరేదైనా సరే, నిషిద్ధమే. డబ్బు ఎగ్గొట్టేదాకా ఆగాల్సిన పనిలేదు. అలాంటి పథకం నడపడమే కాదు, దానికి ప్రకటన ఇవ్వడమూ, జనాన్ని చేర్పించడమూ నేరమే. ఆస్తులు జప్తయితే పన్నుల కంటే, చాలా ఇతర అప్పుల కంటే ముందు డిపాజిటుదారులకే చెల్లించాలని కూడా చెప్పింది. బంధువుల మధ్య అప్పులు, వ్యాపారంలో మామూలుగా తీసుకునే బయానాల వంటి వాటిని మినహాయించింది. సంచయిత తీర్పు వచ్చిన 37 ఏళ్లకు చట్టం పథకం పేరును వదిలి, అది చేసే పనిని పట్టుకుంది.

అయితే అప్పటికే డబ్బు మరో రూపంలోకి వెళ్లిపోయింది. 2015 ప్రాంతంలో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్ సంగతి దగ్గరగా చూడాలి. చేరేవాళ్లు రూపాయలు కాకుండా బిట్‌కాయిన్లు కట్టాలి. వాటితో కంప్యూటర్లు పెట్టి కొత్త బిట్‌కాయిన్లు తవ్వి, నెలకు 10 శాతం చొప్పున పద్దెనిమిది నెలలు బిట్‌కాయిన్లలోనే ఇస్తామన్నది ఒప్పందం. లెక్క వేస్తే పది నాణేలు కట్టినవాడికి పద్దెనిమిది నాణేలు రావాలి. బిట్‌కాయిన్ ధర పెరుగుతున్నంతకాలం ఈ బాకీ విలువ రూపాయల్లో ఇంకా వేగంగా పెరుగుతుంది. కొత్తగా చేరేవాళ్ల నాణేలతో పాతవాళ్లకు సర్దుతున్న సంస్థకు ఇది మోయలేని భారం. 2017లో సంస్థ బిట్‌కాయిన్లు ఇవ్వడం మానేసి, తానే సృష్టించిన ఎంక్యాప్ అనే టోకెన్‌లో చెల్లించడం మొదలుపెట్టింది. బాకీ తీర్చాల్సినవాడే నోటు అచ్చువేసి, దాని ధరా తానే నిర్ణయించాడు. 2018లో నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్‌ను అరెస్టు చేశారు. 2017 నాటి ధరల్లో సేకరించిన నాణేల విలువ రూ.6,600 కోట్లని ఈడీ చెప్పింది. పలు రాష్ట్రాల్లో చెల్లాచెదురైన కేసులన్నీ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో సీబీఐకి అప్పగించేనాటికి ప్రధాన నిందితుడు చనిపోయి దాదాపు రెండేళ్లయింది. యంత్రాల జోలికి, గణితం జోలికి పోకుండా చూసినా ఇందులో ఉన్నదేమిటో తెలిసిపోతుంది. నలుగురి సొత్తు ఒకడి చేతిలోకి చేరింది, నెలకింతని మాట ఇచ్చారు, ఏజెంట్లకు కమీషన్ దక్కింది. సంచయితలోనూ అగ్రిగోల్డ్‌లోనూ ఇవే ఉన్నాయి.

ఈ కాలంలో ప్రభుత్వం ఏం చేసింది? 2013 డిసెంబరు 24న రిజర్వు బ్యాంకు తొలి హెచ్చరిక జారీ చేసింది. 2017లో మరో రెండుసార్లు హెచ్చరించింది. హెచ్చరికల మధ్యే గెయిన్‌బిట్‌కాయిన్ పెరిగి పెద్దదైంది. 2018 ఏప్రిల్ 6న, క్రిప్టో లావాదేవీలు చేసేవారికి సేవలు ఆపేయాలని బ్యాంకులను ఆదేశించింది. 2019లో కేంద్రం వేసిన సుభాష్ గర్గ్ కమిటీ ప్రైవేటు క్రిప్టోను పూర్తిగా నిషేధించాలని, పదేళ్ల దాకా జైలు ఉండాలని ముసాయిదా బిల్లుతో సహా చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు ఆదేశాన్ని కొట్టేసింది. బ్యాంకుకు అధికారం లేదని కోర్టు అనలేదు. తన పర్యవేక్షణలో ఉన్న సంస్థలకు నష్టం జరిగినట్టు చూపకుండా ఒక వ్యాపారం ఊపిరే ఆపేయడం అవసరానికి మించిన చర్య అంది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో క్రిప్టో బిల్లు పేరు కనిపించింది, సభలోకి రాలేదు. 2022 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, ఆపైన ప్రతి బదిలీ మీద 1 శాతం మూలంలో కోత ప్రకటించారు. 2023 మార్చి 7న క్రిప్టో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. నమోదు కాకుండా వ్యాపారం చేసిన బైనాన్స్‌కు 2024లో రూ.18.82 కోట్ల జరిమానా పడింది. ఈ వరస చూస్తే ప్రభుత్వ ప్రాధాన్యం అర్థమవుతుంది. ఖజానాకు రావాల్సింది రాబట్టుకునే చట్టం వచ్చింది, నల్లడబ్బు మీద నిఘా పెట్టే చట్టం వచ్చింది, డబ్బు కట్టినవాడి సొత్తును కాపాడే చట్టం మాత్రం రాలేదు.

దాని ఫలితం 2024 జూలై 18న బయటపడింది. దేశంలో పేరున్న ఎక్స్ఛేంజీల్లో ఒకటైన వజీర్‌ఎక్స్ వాలెట్ నుంచి దొంగలు సుమారు రూ.2,000 కోట్ల విలువైన క్రిప్టో తరలించుకుపోయారు. ఖాతాదారుల ఆస్తుల్లో అది 45 శాతం దాకా ఉంటుంది. ఆ ఖాతాదారులు పన్ను కట్టారు, గుర్తింపు పత్రాలిచ్చారు, ప్రతి అమ్మకం మీద ఒక శాతం కోత భరించారు. కష్టం వచ్చినప్పుడు వారి గోడు వినే నియంత్రణ సంస్థ దేశంలో లేదు. అసలు కంపెనీ సింగపూర్‌లో ఉండటంతో అక్కడి కోర్టులో పునర్వ్యవస్థీకరణ పథకం మీద మన ఖాతాదారులు ఓట్లు వేయాల్సి వచ్చింది. వ్యాపారం తిరిగి తెరుచుకునేసరికి ఏడాది దాటింది. లక్ష రూపాయల చీటీ నడిపేవాడు లక్ష హామీ కట్టాలన్న చట్టం ఉన్న దేశంలో, వేల కోట్ల సొత్తు దాచిపెట్టే సంస్థ ఎంత హామీ కట్టాలో, ఖాతాదారు సొత్తును తన సొత్తుతో కలపవచ్చో లేదో చెప్పే నిబంధన లేదు.

ఈ మాటకు వచ్చే మొదటి అభ్యంతరం, అసలు క్రిప్టోనే నిషేధిస్తే సరిపోతుంది కదా అన్నది. గర్గ్ కమిటీ చెప్పింది అదే, చైనా 2021లో చేసిందీ అదే. కానీ మోసగాడికి దేశంలో అనుమతి ఉన్న ఎక్స్ఛేంజీ అవసరమే లేదు. 2023లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన రూ.712 కోట్ల మోసంలో, రివ్యూలు రాస్తే డబ్బిస్తామంటూ టెలిగ్రామ్ ద్వారా దేశమంతటా సుమారు 15,000 మందిని ముంచారు. ఆ సొమ్ము బోగస్ ఖాతాలు దాటి, క్రిప్టోగా మారి దుబాయ్ మీదుగా చైనా చేరిందని పోలీసులు చెప్పారు. అక్కడ క్రిప్టో జనాన్ని ఆకర్షించిన వస్తువు కాదు, డబ్బు దాటించిన దారి. ఆ దారిలో ఎవరు నడిచారో చెప్పగలిగేది నమోదైన ఎక్స్ఛేంజీయే. 2018 నాటి బ్యాంకుల కట్టడి వచ్చాక కూడా వ్యాపారం ఆగలేదు. మనిషికీ మనిషికీ మధ్య నేరుగా జరిగే, లెక్కలకు అందని లావాదేవీల్లోకి మళ్లింది. నిషేధం అమ్మేవాడి కంటే ముందు సాక్ష్యాన్ని మాయం చేస్తుంది.

రెండో అభ్యంతరం బరువైనది, రిజర్వు బ్యాంకు మొదటి నుంచీ చెబుతున్నది. నియంత్రిస్తే ప్రభుత్వ ముద్ర పడినట్టే, ఆ ముద్ర చూసి ఇంకా ఎక్కువమంది దిగుతారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ ముద్ర ఇప్పటికే పడింది. పన్ను రిటర్నుల్లో దానికి ప్రత్యేకంగా ఒక షెడ్యూలు ఉంది, ఎక్స్ఛేంజీలు తాము ఆర్థిక నిఘా విభాగంలో నమోదైనట్టు ప్రకటించుకుంటున్నాయి. ఆ నమోదు సొత్తుకు భద్రత ఇవ్వదని మామూలు మదుపరికి తెలియదు. రక్షణ లేని ముద్ర కంటే రక్షణ ఉన్న ముద్ర నయం. పైగా నియంత్రించడమంటే ధర పడిపోకుండా పూచీ పడటం కాదు. షేరు పడితే సెబీ భర్తీ చేయదు, కానీ బ్రోకరు ఖాతాదారు షేర్లను తాకట్టు పెట్టుకుంటే ఊరుకోదు. క్రిప్టోకు అడుగుతున్నదీ అంతే.

మూడోది, జనానికి అత్యాశ ఉన్నంతకాలం ఏ చట్టమూ ఆపలేదన్న మాట. అగ్రిగోల్డ్‌లో పదివేలు, ఇరవై వేలు కట్టిన లక్షల మందిని చూశాక ఈ మాట అనడం అన్యాయం. వాళ్లు రాత్రికి రాత్రి కోటీశ్వరులు కావాలనుకోలేదు. కూతురి పెళ్లికో, ప్లాటుకో నెలకు కొంత వెనకేశారు. వాళ్లను చేర్పించింది ఊళ్లో తెలిసినవాడే, బంధువే. సంస్థ ఎన్ని కంపెనీల మీదుగా డబ్బు తిప్పుతోందో వాళ్లు కనిపెట్టాలనడం, ఆ పని కోసమే జీతం తీసుకునే సంస్థల బాధ్యతను వాళ్ల నెత్తిన పెట్టడమే. ఇక 2019 చట్టం వచ్చాక కూడా మోసాలు ఆగలేదు కదా అనవచ్చు. నిజమే. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ పేరిట సుమారు ఏడువేల మందికి రూ.850 కోట్ల దాకా ఎగ్గొట్టిన వ్యవహారం బయటపడింది. అది చట్టం నిర్వచనంలో లోపం కాదు, అమలులో లోపం. బోర్డు తిప్పేశాక వచ్చిన ఫిర్యాదుతోనే కేసు మొదలవుతోంది. అనుమతి లేని పథకానికి ప్రకటన ఇవ్వడమే నేరమని చట్టం చెబుతున్నప్పుడు, ఆ ప్రకటన ఫోన్లలో తిరుగుతున్న రోజే అధికారి కదలాలి. అందుకు ప్రతి జిల్లాలో బాధ్యత ఉన్న అధికారి, అతడికి సిబ్బంది, ఏది అనుమతి ఉన్న పథకమో ఎవరైనా చూసుకోగల జాబితా తెలుగులో ఉండాలి.

చట్టాన్ని మరీ విశాలంగా రాస్తే నిజాయతీగా పనిచేసేవారూ చిక్కుకుంటారన్న ఆందోళన కూడా సరైనదే. నారింజ తోట సూత్రాన్ని పట్టుకున్న అమెరికాలో ఏ నాణెం పెట్టుబడి ఒప్పందమో, ఏది కాదో తేలక ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 2023లో రిపుల్ అనే క్రిప్టో కంపెనీ కేసులో ఒకే నాణెం అమ్మకాల్లో కొన్ని చట్టం కిందికి వస్తాయని, కొన్ని రావని కోర్టు చెప్పింది. అందుకే మన చట్టం నాణేన్ని నిర్వచించడంలో శక్తి ఖర్చు పెట్టకూడదు, పనిని నిర్వచించాలి. ఇందుకు మూడు నిబంధనలు చాలు. ఇతరుల క్రిప్టోను తన అదుపులో ఉంచుకునే ప్రతి సంస్థా లైసెన్సు తీసుకుని, ఖాతాదారు సొత్తును వేరుగా ఉంచి, చీటీ నిర్వాహకుడిలా హామీ కట్టాలి. 2019 చట్టంలో డిపాజిట్ అంటే డబ్బు తీసుకోవడమని ఉంది. నాణెం తీసుకుని నాణెమో రూపాయో తిరిగిస్తానన్నా అది డిపాజిటేనని అందులో ఒక్క వాక్యం చేర్చి, ఎవరూ కోర్టులో ఏళ్ల తరబడి వాదించే అవకాశం లేకుండా చేయాలి. ఫిర్యాదు వినే నియంత్రణ సంస్థ ఏదో చట్టంలోనే పేరుపెట్టి చెప్పాలి. తన వాలెట్‌లో తన నాణెం తానే దాచుకునేవాడి జోలికి ఈ మూడింటిలో ఏదీ పోదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే మన చట్టాల అలవాటుకు జనం 1978 నుంచి మూల్యం కడుతూనే ఉన్నారు. చట్టం వచ్చేదాకా చదువరి తన వంతుగా చేయగలిగింది ఒకటుంది. ఎవరైనా కొత్త పథకం చెప్పినప్పుడు దాని పేరు, దాని వెనకున్న సాంకేతికత పక్కనపెట్టి మూడు ప్రశ్నలు అడగండి. నా డబ్బు ఎవరి అదుపులో ఉంటుంది? రాబడి ఎవరి జేబు నుంచి వస్తుంది? సంస్థ మూతపడితే నేను ఏ ఆఫీసు మెట్లెక్కాలి? మూడింటిలో ఏ ఒక్కదానికి సూటిగా జవాబు రాకపోయినా ఆ పథకంలో రూపాయి కూడా కట్టకండి. ఇవే మూడు ప్రశ్నలను మీ పార్లమెంటు సభ్యుడినీ అడగండి. వాటికి జవాబు రాయడమే ప్రభుత్వం చేయాల్సిన చట్టం.